మూడు సైట్లు చేశాక సొంత సీఎంఎస్ కట్టాలా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. ఒక క్లినిక్‌కి, ట్యూషన్ సెంటర్‌కి, చీరల షాపుకి వెబ్‌సైట్లు చేశాను. ప్రతి చిన్న మార్పుకీ నాకే ఫోన్ చేస్తున్నారు. అందరికీ పనికొచ్చేలా సొంత సీఎంఎస్ (కోడ్ రాయకుండానే సైట్‌లోని విషయాలు మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) తయారు చేస్తే కెరీర్‌కి ఉపయోగమా? రెడీమేడ్‌గా దొరికే సీఎంఎస్ వర్డ్‌ప్రెస్ నేర్చుకుంటే చాలా?

జవాబు: తప్పకుండా చేయండి. కానీ ముందు ఒక నెల వర్డ్‌ప్రెస్‌తో గడపండి. అది ఏం ఇస్తుందో తెలియకుండా సొంతది కడితే, ‘ఉన్నది వదిలి ఇదెందుకు?’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు తడబడతారు.

ఊహించి ఫీచర్లు పేర్చకండి. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్ చట్రం జాంగోనే చూడండి. అది పుట్టింది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, ఒక దినపత్రిక వెబ్ విభాగంలో. 2003లో అడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ గడువుల ఒత్తిడిలో సైట్లు చేస్తూ, మళ్లీమళ్లీ రాయాల్సి వస్తున్న కోడ్‌ని విడిగా తీసి పెట్టుకున్నారు. అదే 2005లో అందరికీ ఉచితంగా అందింది. మీ మూడు సైట్లనూ పక్కపక్కన తెరిచి చూడండి. టైమింగ్స్, ఫొటోలు, నోటీసులు... మూడింటిలోనూ ఉన్నవే మీ మొదటి వెర్షన్. డిజైన్‌ని మాత్రం ఈ కోడ్‌తో కలపకండి. ఫోల్డర్ కాపీ చేసి క్లయింట్‌కొకటి ఇచ్చేస్తే, ఒక సెక్యూరిటీ లోపాన్ని మూడుచోట్ల సరిచేయాల్సి వస్తుంది.

‘గురువారం డాక్టర్ గారు రారు’ అని క్లినిక్ రిసెప్షన్‌లో అమ్మాయి తన ఫోన్‌లోనే, తెలుగులో టైప్ చేసి పెట్టగలగాలి. ఆమె పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మీ పని ఉంది. తెలుగుతో ఇంకో చిక్కుంది. తెలుగు శీర్షిక లింక్‌లోకి వెళ్తే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి క్యారెక్టర్లవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో లింక్‌లోని ఆ శీర్షిక భాగం 200 క్యారెక్టర్ల దగ్గర ఆగుతుంది కాబట్టి పొడవైన శీర్షికలు లింక్‌లో మధ్యలో తెగిపోతాయి. దీన్ని మీ సిస్టమ్‌లో పరిష్కరించి చూపించండి, ఇంటర్వ్యూలో చెప్పడానికి మీదంటూ ఒక మాట ఉంటుంది.

హక్కుల విషయం చాలామంది పిల్లలు పట్టించుకోరు, నాకు దిగులు దాని గురించే. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మామూలుగా కంపెనీదే. ఫ్రీలాన్స్‌గా రాసింది, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు మీదే. అందుకే క్లయింట్ ఇచ్చే ఒప్పందంలో ‘సర్వహక్కులూ మావే’ అని ఉంటే సంతకం పెట్టకండి. డిజైన్, కంటెంట్ వాళ్లవి, సీఎంఎస్ వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నానని రాయించండి.

ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ ఆపొద్దు, వారాంతాలు దీనికి చాలు. ముందు ట్యూషన్ సెంటర్ సైట్‌ని మీ సీఎంఎస్‌లోకి మార్చండి. చీరల షాపు జోలికి మాత్రం పండగ అమ్మకాలు అయ్యాకే వెళ్లండి.