బిల్లు 11,840... అందులో సర్వీసు ఎంత?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. 2022 అక్టోబరులో పెట్రోల్ స్విఫ్ట్ కొన్నాను. అప్పుడే విడిగా డబ్బు కట్టి వారంటీని ఐదేళ్లకు పొడిగించుకున్నాను. ఇప్పటికి 27 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న అక్టోబరులో మూడో ఏడాది సర్వీసుకు ఇస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 11,840 రూపాయల బిల్లు వేశారు. చేతిలో అంత లేక క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల ఈఎంఐ పెట్టాను. ఆయిలు, ఫిల్టర్లు, లేబర్ కలిపి ఆటోనగర్‌లో తనకు తెలిసిన మెకానిక్ 4,300కే చేస్తాడని మా బావమరిది అంటున్నాడు. బయట చేయిస్తే వారంటీ పోతుందని సర్వీస్ సెంటర్ వాళ్లంటున్నారు. వచ్చే మూడు సర్వీసులకు కలిపి 16,500 ప్యాకేజీ తీసుకోమని ఫోన్లు కూడా చేస్తున్నారు. బిల్లు ఫొటో జత చేశాను. ఏం చేయమంటారు సార్?

జవాబు: లెక్చరర్ గారూ, బిల్లు ఫొటో పంపి మంచి పని చేశారు. లేకపోతే నేనూ మీ బావమరిదిలాగే 11,840 పక్కన 4,300 పెట్టుకుని "అమ్మో, ఇంత తేడానా" అనేవాణ్ని. ఆ రెండూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు.

పన్నుతో సహా మీ బిల్లును విడదీసి చూశాను. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, చిల్లర సామాను కలిపి 3,150. లేబర్ 2,350. చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,150. ఆ కింద ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్‌ను లోపల కడగడం) 520, ఏసీ క్లీనింగ్ 1,480, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీనింగ్ 890, బాడీ పాలిష్ 2,300. చివరి నాలుగూ కలిపితేనే 5,190 అయ్యాయి. ఆటోనగర్ మెకానిక్ 4,300కి చేస్తానన్న పనికి సర్వీస్ సెంటర్ తీసుకున్నది సామాను, లేబర్ కలిపి 5,500. తేడా 1,200 రూపాయలు, అదీ ఏడాదికి. మీరు అనుకుంటున్న 7,540 రూపాయల తేడాలో ఎక్కువ భాగం ఆ నాలుగు అదనపు పనులదే.

ఆ నాలుగూ మీరు అడిగారా? అడిగి ఉండరు. కారు ఇచ్చేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ చూపించి "సార్, ఇవి కూడా చేయిస్తే బండి ఫ్రెష్‌గా ఉంటుంది" అని ఉంటాడు, మీరు కాలేజీకి టైమవుతోందని సంతకం పెట్టేసి ఉంటారు. ఆ అబ్బాయిని తప్పుపట్టను. ఇలాంటివి ఇన్ని అమ్మాలని అతనికి నెల నెలా టార్గెట్ ఉంటుంది. కానీ మీ కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఏ కిలోమీటరుకు ఏం మార్చాలో పట్టిక ఉంది. 27 వేల కిలోమీటర్ల బండికి బాడీ పాలిష్ అందులో వెతికినా దొరకదు. ఏసీ చల్లగా వస్తూ, వాసన రాకుండా ఉంటే దాన్ని కడిగించే పని లేదు. బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు వణకకుండా, మామూలుగా స్టార్ట్ అవుతుంటే థ్రాటిల్ బాడీ జోలికీ పోనక్కర్లేదు. అలైన్‌మెంట్ అవసరమే, అయితే అది టైర్ల షాపులో ఇంకా తక్కువకు అవుతుంది. వారంటీకీ దానికీ సంబంధం లేదు.

వచ్చేసారి కారు ఇచ్చేటప్పుడు, చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు మీద "మాన్యువల్ షెడ్యూల్‌లో ఉన్న పని మాత్రమే, ఇంకేదైనా ఉంటే నన్ను అడిగాకే" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. అలాగే, పాత బిల్లులతో పోల్చేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. చాలా విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. ఈ బిల్లు దాని తర్వాతది. పన్ను తగ్గాక కూడా బిల్లు పెరిగిందంటే, పెరిగింది పనుల చిట్టా.

ఇక వారంటీ. స్విఫ్ట్‌కు కంపెనీ మామూలుగా ఇచ్చే వారంటీ మీరు కొన్ననాటికి రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లు. 2024 జూలై నుంచి డెలివరీ అయిన కార్లకు దాన్ని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేశారు. మీది అంతకుముందు బండి కాబట్టి కంపెనీ ఇచ్చింది 2024లోనే అయిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది మీరు డబ్బు పెట్టి కొనుక్కున్నది. 2027 అక్టోబరు దాకా ఉంటుంది.

"బయట స్పానర్ పెట్టినా వారంటీ పోతుంది" అని సర్వీస్ సెంటర్లలో అనే మాట పూర్తిగా నిజం కాదు. 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీ సరిగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి గ్యారేజీలకు అందకుండా కట్టడి చేయడం అందులో పెద్ద ఆరోపణ. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని వల్ల నిజంగా చెడిపోయినంత మేరకే కాదనవచ్చని కూడా ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు దాని మీద పై కోర్టులకు వెళ్లాయి, అది వేరే కథ.

చట్టం సంగతి అలా ఉంచి మీ జేబు సంగతి చూద్దాం. పొడిగించిన వారంటీ అంటే మీరు డబ్బు కట్టి కుదుర్చుకున్న ఒప్పందం. టైముకు, అధీకృత సర్వీస్ సెంటర్‌లో సర్వీసు చేయించాలని దాని షరతుల్లో ఉంటుంది. మీ దగ్గరున్న బుక్‌లెట్ తీసి ఒకసారి చదవండి. రేపు స్టీరింగ్ మోటారో, ఇంజిన్ కంప్యూటరో పోతే ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది. అప్పుడు ఉత్తర్వు కాపీ పట్టుకుని వాదించవచ్చు, 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. కానీ అన్నాళ్లు కారు షెడ్డులో ఉంటుంది, మీరు ఆటోల్లో తిరుగుతారు. 2027 అక్టోబరు లోపు మీకు మిగిలినవి ఒకటి, రెండు సర్వీసులు. బయటికి వెళ్లి మిగుల్చుకునేది మహా అయితే 2,400. దానికోసం ఇప్పటికే డబ్బు కట్టిన వారంటీని పణంగా పెట్టమని నేను చెప్పను. కాబట్టి వారంటీ అయ్యేదాకా సర్వీస్ సెంటరే. ఆ నాలుగు లైన్లు మాత్రం కొట్టేయించి.

ఈలోగా కూడా బయట చేయించుకోగలిగినవి చాలా ఉన్నాయి. టైర్లు, బ్యాటరీ, వైపర్లు, అలైన్‌మెంట్, వాషింగ్, సీటు కవర్లు ఎక్కడైనా ఫర్వాలేదు. ఒక్క జాగ్రత్త చెప్తాను. పెద్ద హారన్, ఎల్ఈడీ లైట్లు, కొత్త మ్యూజిక్ సిస్టమ్ అంటూ వైర్లు కోసి అతికించే పనులు మాత్రం పెట్టుకోకండి. ఎలక్ట్రికల్ క్లెయిమ్ తోసిపుచ్చడానికి వాళ్లకు అంతకంటే మంచి సాకు దొరకదు.

2027 తర్వాత మీ బావమరిది మాటే నా మాట. కాకపోతే ఆయన చెప్పిన కారణం వేరు, నాది వేరు. బయటి గ్యారేజీలో ఆదా సర్వీసులో వెయ్యి చిల్లరే ఉంటుంది, రిపేరులో వేలల్లో ఉంటుంది. బ్యాటరీ ఛార్జి కావడం లేదనుకోండి. సర్వీస్ సెంటర్‌లో ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలంటారు, వాళ్ల పద్ధతే అది. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పి, బేరింగో కార్బన్ బ్రష్షులో పోయాయని తేల్చి అవి మాత్రం మారుస్తాడు. సెల్ఫ్ మోటార్ కూడా అంతే. బంపర్ చీలితే సర్వీస్ సెంటర్ కొత్తది వేస్తుంది, బయట అతికించి రంగేస్తారు. మన ఆటోనగర్‌కు పేరు తెచ్చింది లారీ బాడీలే అయినా, వాటి చుట్టూ పెరిగిన లేత్ షాపులు, రేడియేటర్ వాళ్లు, ఎలక్ట్రీషియన్లు ఇప్పుడు పాత కార్లకు దేవుళ్లు. బాగు చేయడమన్న పని ఇంకా బతికున్న చోటు అది.

దేవుళ్లన్నానని అందరినీ నమ్మేయకండి. నా పాత కారుకు ఒక గ్యారేజీలో క్లచ్ ప్లేటు వేయిస్తే ఎనిమిది నెలలకే మళ్లీ పోయింది. పెట్టె చూపించమని నేను అడగలేదు, బిల్లూ తీసుకోలేదు, కాబట్టి అరవడానికి కూడా నోరు లేకపోయింది. అదే కారుకు ఒక సర్వీస్ సెంటర్‌లో చేయని అలైన్‌మెంట్‌కు డబ్బు వేశారు. రిపోర్టు ప్రింట్ ఏదని అడిగితే తీసేశారు.

అందుకే బావమరిది గారి మెకానిక్ దగ్గరికి ఇప్పుడే ఒకసారి వెళ్లి, వైపర్లో బల్బో మార్పించి ఆయన పద్ధతి చూడండి. మీ కారుకు ఏ ఆయిల్ వేస్తారని అడగండి. ఇప్పటి పెట్రోల్ ఇంజిన్లకు పలచటి సింథటిక్ ఆయిల్ కావాలి, గ్రేడు మాన్యువల్‌లో ఉంటుంది. "అన్ని బండ్లకూ ఇదే సార్" అని డ్రమ్ములోంచి పోసేవాడైతే అక్కడి నుంచి వచ్చేయండి. మీరే సీల్ ఉన్న డబ్బా కొనుక్కెళ్లినా మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. కంపెనీ ఒరిజినల్ ఫిల్టర్లు విడిభాగాల షాపుల్లోనే దొరుకుతాయి. కారు కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్ ఉందా, మార్చిన పాత సామాను చేతికి ఇస్తాడా అన్నదీ చూడండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోతే దొంగ అనుకోవద్దు. సర్వీసులు చేసేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ తేదీ, కిలోమీటర్ల రీడింగ్, వేసిన సామాను రాసిన కాగితం ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు సర్వీస్ సెంటర్ రికార్డు లేని ఏళ్లకు మీ దగ్గర ఉండే సాక్ష్యం అదొక్కటే.

ఐదేళ్లు దాటాక కూడా ఎయిర్‌బ్యాగుల పనికి సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. ఏదైనా లోపం ఉందని కంపెనీ కార్లను వెనక్కి పిలిస్తే, మీరు సర్వీసు ఎక్కడ చేయించినా ఆ పని ఉచితంగానే చేస్తారు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది గ్యారేజీ సంగతి కాదు. ఏటా అక్టోబరులో వస్తుందని తెలిసిన ఖర్చుకు క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టారు. దాని మీద వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, వాటి మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడతాయి. ముందే తీర్చేస్తే ఎంత ఛార్జీ వేస్తారో కార్డు వాళ్లను అడగండి. మిగిలిన వడ్డీ కంటే అది తక్కువైతే ఈ నెల జీతంలోనే తీర్చేయండి.

ఆ తర్వాత కారుకు ఒక రికరింగ్ డిపాజిట్ తెరవండి. లెక్క ఇలా వేశాను. అలైన్‌మెంట్‌తో కలిపి సర్వీసు 6,650. నాలుగు టైర్లు సుమారు 20 వేలనుకుని ఐదేళ్లకు పంచితే ఏడాదికి 4,000. బ్యాటరీకి 1,400. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, ఎదురుచూడని చిల్లర రిపేర్లకు 2,000. ఇన్సూరెన్స్‌కు 13,500 అనుకుందాం, మీ ప్రీమియం బట్టి మార్చుకోండి. మొత్తం 27,550, అంటే నెలకు 2,300. జీతం పడిన మర్నాడే ఆ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి. అక్టోబరులో ఇన్సూరెన్స్, సర్వీసు రెండూ ఒకేసారి మీద పడ్డా టెన్షన్ ఉండదు.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. మూడేళ్లూ క్లెయిమ్ లేకపోతే మీకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, వచ్చి ఉండాలి. వచ్చే ఏడాదికి 45, ఆ పైఏడాదికి 50. బంపర్ మీద గీత పడిందని మూడు వేల రిపేరుకు క్లెయిమ్ పెడితే తర్వాతి రెన్యువల్‌లో అది సున్నా అవుతుంది. అలాంటివి మాత్రం బావమరిది గారి మెకానిక్‌కు ఇవాళే అప్పగించవచ్చు.

చివరగా ఆ 16,500 ప్యాకేజీ. మూడు సర్వీసుల్లోనూ షెడ్యూల్ ప్రకారం మారాల్సిన ఆయిలు, ఫిల్టర్లు, లేబర్ అందులోకే వస్తాయని వాళ్లు రాసిచ్చినా, మీ బిల్లు ప్రకారం మూడు సర్వీసులకు అయ్యేది సరిగ్గా 5,500 చొప్పున 16,500. తగ్గింపు ఏమీ లేదు. పైగా మూడోది వారంటీ ముగిశాక, మీరు ఆటోనగర్‌కు వెళ్లగలిగే రోజుల్లో పడవచ్చు. దానికి ఇప్పుడే డబ్బు కట్టడం దేనికి? మళ్లీ ఫోన్ వస్తే, రెండు సర్వీసులకే ఎంతకు ఇస్తారో చెప్పమనండి. 11 వేల కంటే బాగా తగ్గిస్తే నాకు రాయండి, చూద్దాం.