పులికాట్‌లో చిన్న పడవకి ఎంత గాలి వరకు ఫర్వాలేదు?

"సంక్రాంతికి చెన్నై నుంచి తడ వెళ్తున్నాం, మామయ్య గారి 14 అడుగుల ఫైబర్ పడవ ఉంది, యాప్‌లో గాలి 15 అంటోంది, పులికాట్ సరస్సులో గాలం వేయడానికి వెళ్ళొచ్చా" అని అడిగారు. ముందు ఆ 15 దేంట్లో 15 అనేది చూసుకోండి. కొన్ని యాప్‌లు నాట్స్‌లో చూపిస్తాయి. 15 నాట్స్ అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు, ఆ గాలిలో మీ పడవ తీయొద్దు, దాని గురించి చర్చ కూడా అక్కర్లేదు. గంటకు 15 కిలోమీటర్లే అయితే మాట్లాడుకుందాం.

నేను పెరంబూరులో ఉంటాను, అత్తగారి ఊరు ఆరంబాక్కం వైపు, కాబట్టి సెలవు దొరికితే ఆ సరస్సు మీదే ఉంటాను. నేను పెట్టుకున్న హద్దు ఏంటంటే, గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు, గస్ట్ అని, అంటే ఉన్నట్టుండి వచ్చే విసురు, విడిగా చూపిస్తారే, అది 25 దాటకూడదు. జనం మొదటి అంకె చూసి బయల్దేరిపోతారు గానీ పడవని తిప్పేసేది ఆ విసురే. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది, కాబట్టి 12కీ 24కీ మధ్య తేడా అంకెల్లో కనిపించినంత చిన్నది కాదు. ఇంకోటి, ఊళ్ళో ఇళ్ళూ చెట్లూ గాలిని ఆపుతాయి, నీళ్ళ మీద ఆపేది ఏమీ ఉండదు, అందుకని ఇంటి ముందు నిలబడి "గాలే లేదు" అనుకోవడం దండగ. రేవు దగ్గర జెండా ఏదైనా ఉంటే చూడండి (మన వైపు పార్టీ జెండాలకి కొదవా!), పూర్తిగా విప్పుకుని నిలబడిందంటే 12 దాటినట్టే.

అంకె కన్నా ఎక్కువ చూడాల్సింది దిక్కు. తడ నుంచి అంటే మీరు పడమటి ఒడ్డున దిగుతారు. పడమటి గాలి వీచే రోజు ఆ ఒడ్డున నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కూడా, భలే హాయిగా ఉంటుంది, లోపలికి వెళ్ళేకొద్దీ అలలు పెరుగుతాయి, అప్పుడు వెనక్కి రావాలంటే అదే గాలి మొహాన కొడుతుంది. మే, జూన్ నెలల్లో ఈ బాధ ఎక్కువ. మీరు వెళ్ళేది జనవరి, అప్పుడు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. సరస్సు ఉత్తర దక్షిణాలుగా 60 కిలోమీటర్ల దాకా సాగి ఉంటుంది, గాలి అడ్డు లేకుండా నీళ్ళ మీద ఎంత దూరం వస్తే అల అంత పెరుగుతుంది. ఉత్తరాన చాలాచోట్ల బురదే, మధ్యలో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు అడ్డం, కాబట్టి మొత్తం 60 కిలోమీటర్లూ లెక్కలోకి రావు. అయినా ఒకే గాలికి దక్షిణాన పళవేర్కాడు (పులికాట్ ఊరు) దగ్గర ఉండే నీళ్ళు వేరు, మీ రేవు దగ్గర ఉండే నీళ్ళు వేరు. ఎవరో అక్కడ నుంచి "ఈరోజు బాగుంది" అని ఫోన్‌లో చెప్పారని మీరు ఇక్కడ బయల్దేరకండి.

లోతు తక్కువ కదా, సగటున మీటరే కదా, బోల్తా పడితే నడిచి వచ్చేస్తాం అనే మాట మా వాళ్ళలోనే వింటుంటాను. నాకు ఒళ్ళు మండుతుంది. లోతు తక్కువైన చోట అలలు ఎత్తు తక్కువే గానీ నిటారుగా, ఒకదాని వెంట ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి, చిన్న పడవకి ఊపిరి తీసుకునే టైం ఇవ్వవు. అడుగున బురద, కాలు దిగితే లాక్కోవడమే కష్టం. అందుకే లైఫ్ జాకెట్ పడవలో పడేయడం కాదు, వేసుకోవాలి. మనుషుల్ని కూడా తగ్గించండి. అంచు నీటికి ఎంత దగ్గరైతే చిన్న అల కూడా అంత సులువుగా లోపలికొస్తుంది. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో పరిమితికి మించి ఎక్కిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, లైఫ్ జాకెట్లు లేవు.

టైం సంగతి. తెల్లవారుజామున గాలి మెత్తగా ఉంటుంది, ఎండ ఎక్కాక సముద్రం వైపు నుంచి పుంజుకుంటుంది. వెలుతురు రాగానే వెళ్ళి పదిన్నరకల్లా ఒడ్డున ఉండండి. నీళ్ళ మీద అక్కడక్కడ తెల్ల నురగ కనబడటం మొదలైందంటే చేప కొరుకుతున్నా సరే గాలం చుట్టేయాలి, అన్ని అలల మీదా నురగ వచ్చేదాకా ఆగితే అప్పటికే 20 దాటి ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు, ఆగస్టు, సెప్టెంబరు నెలలు వేరే కథ: పడమర మబ్బు కమ్ముతుంది, సముద్రపు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆ వెంటనే చల్లటి విసురు పడమర నుంచి వచ్చి పడుతుంది, వాన దాని తర్వాతే. ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉన్నట్టే, అంత బయలులో ఎత్తైన వస్తువు మీరే. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్, వాతావరణ శాఖ వాళ్ళ చెన్నై రాడార్ బొమ్మ చూసుకుని వెళ్ళండి.

ఇంకా, సరస్సులో కొంత భాగం పక్షుల అభయారణ్యం. ఎవరు ఎక్కడ వల వేయాలో పాడు అనే పద్ధతిలో ఊళ్ళవాళ్ళు పంచుకుంటారు. ఎక్కడ గాలం వేయొచ్చో మామయ్య గారినే రేవులో అడిగి కనుక్కోమనండి. ఎలాగూ అడుగుతారు కాబట్టి ఆరోజు గాలి సంగతీ అడగమనండి, రోజూ వెళ్ళేవాళ్ళు పడవలు కట్టేసి కూర్చున్నారంటే యాప్‌లో ఏముందో నేనైతే చూడను.

వెళ్ళేటప్పుడు మాత్రం గాలికి ఎదురుగా, అంటే ఈశాన్యం వైపు వెళ్ళి అక్కడ గాలం వేయండి. శ్రీహరికోట ఒడ్డు జోలికి పోవద్దు, అది షార్ (రాకెట్ ప్రయోగ కేంద్రం) వాళ్ళ నిషేధిత ప్రాంతం. అలా గాలికి ఎదురుగా వెళ్తే మధ్యలో మోటారు మొరాయించినా గాలే మిమ్మల్ని మెల్లగా మన ఒడ్డుకి తోస్తుంది, తెడ్డు ఒకటి చేతిలో ఉంటే చాలు.