కాళ్లు పడిపోయిన కుందేలును తెచ్చుకోవాలా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర పల్లె. రెండెకరాల వరి, ఒక ఆవు ఉన్నాయి. అయిదేళ్ల కిందట మాంసానికని పది కుందేళ్లు తెచ్చి, కొనేవాళ్లు లేక వచ్చిన కాడికి అమ్మేశాం. మెడ ఒక పక్కకి వాలిపోయిన ఆడది ఒకటి మిగిలింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు, మేమూ కోసుకోలేకపోయాం. మా పెద్దపాప చేత్తో మేత తినిపించి నిలబెట్టింది. ఇప్పుడు గుణుపూర్‌లో మా ఆడపడుచు ఇంటి పక్కవాళ్ల దగ్గర వెనక కాళ్లు రెండూ పడిపోయిన మగ కుందేలు ఉంది. ఎవరూ పట్టుకెళ్లకపోతే కొండ కింద వదిలేస్తామంటున్నారు. తెచ్చుకుందామని పాప ఒకటే ఏడుపు. వచ్చే నెల ఊడుపులు. తెచ్చుకోవచ్చా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, ముందు ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, కొండ కింద మాత్రం వదలొద్దని చెప్పండి. మన కొండల్లో తిరిగే చెవులపిల్లి వేరు, ఇళ్లలో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి కూనలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలకు పుట్టినప్పుడు బొచ్చు ఉండదు, కళ్లు తెరవడానికే పది రోజులు పడుతుంది. వీటి మూలం యూరప్. నాలుగు కాళ్లూ బాగున్న పెంపుడు కుందేలుకే మన అడవిలో బతుకు లేదు, ఇక ఇది ఆ రాత్రే కుక్కల పాలవుతుంది. పది రోజులు ఆగమనండి.

ఆ పది రోజుల్లో మీరు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి, దాని కాళ్లు ఎలా పడిపోయాయన్నది. ఉన్నట్టుండి ఒక్కరోజులో పడిపోయాయా? అయితే అది దెబ్బ అయ్యుండొచ్చు. కుందేలు ఎముకలు చాలా తేలిక, వెనక కాళ్ల కండ మాత్రం బలమైనది. పిల్లలు నడుము కింద చెయ్యి ఆనించకుండా ఎత్తినప్పుడు ఒక్కసారి గట్టిగా తన్నుకుంటే దాని వెన్నే విరిగిపోతుంది. అలా కాకుండా నెమ్మదిగా, ముందు తూలుతూ తర్వాత ఈడుస్తూ పడిపోయాయంటే రోగాన్ని అనుమానించాలి. ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి మెదడునూ మూత్రపిండాలనూ పట్టి, కొన్ని కుందేళ్లకు మెడ వాల్చేస్తుంది, కొన్నిటికి వెనక కాళ్లు పడేస్తుంది. మూత్రంలో బయటికి వచ్చి, మేత ద్వారా ఇంకో కుందేలుకు చేరుతుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో ఉన్నదానికి మెడ వాలడానికీ ఇదే కారణమై ఉండొచ్చు. చెవి లోపల చీము పట్టినా మెడ వాలుతుంది కనుక చూడకుండా తేల్చలేను. కాబట్టి రోగం గుణుపూర్ నుంచి మీ ఇంటికి రావడమే కాదు, మీ ఇంట్లోదాని నుంచి కొత్తదానికీ అంటవచ్చు. రెంటినీ పశువైద్యుడికి చూపించాకే ఒకచోటికి చేర్చాలి. ఈ జబ్బే అని అనుమానిస్తే ఫెన్‌బెండజోల్‌ను కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు ఇస్తారు. మేకల నట్టల మందు ఇంట్లో ఉంది కదా అని దాన్నే కొలిచి పోయకండి. ఆ ద్రావణం గాఢత వేరు, కుందేలు బరువు వేరు. ఇంట్లో ఎవరికైనా రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటే వాళ్లు కుందేళ్ల మూత్రం శుభ్రం చేయకూడదు.

రెండో సంగతి మూత్రం. నా దృష్టిలో మీ నిర్ణయమంతా దీని మీదే ఉంది. కాళ్లు లేకపోయినా తనంతట తాను మూత్రం పోసుకుని పక్కకు జరగగలిగే కుందేలు చాలా ఏళ్లు హాయిగా బతుకుతుంది. మూత్రం ఆపుకోలేక అందులోనే పడి ఉండేదానికి తొడల లోపల చర్మం ఊడి పుండు పడుతుంది. దానికి తోడు, కుందేలు తెల్లవారుజామున వేసే మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తింటుంది. దానికి కావలసిన కొన్ని విటమిన్లు వాటిలో ఉంటాయి. నడుము వంగనిదానికి అవి అందక వెనక భాగాన అట్టకడతాయి. వానాకాలంలో ఈగ అక్కడ గుడ్డు పెడితే ఒక్కరోజులోనే పురుగులు లేచి చర్మాన్ని తొలిచేస్తాయి. పొద్దున బాగున్న కుందేలు మర్నాటికి చేతికి దక్కకపోవచ్చు. ఈ చావు చూసినవాణ్ని కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఆడపడుచును ఒక పని చేయమనండి. ఎండు గడ్డి మీద పొడి తెల్లగుడ్డ పరిచి, కుందేలును దాని మీద ఆరు గంటలు ఉంచి చూడమనండి. గుడ్డ ఒకచోటే తడిసి తొడలు పొడిగా ఉన్నాయంటే, నా సలహా తెచ్చుకోమనే. గుడ్డ అంతా తడిగా, తొడలు ఎర్రగా ఉంటే మాత్రం రోజుకు నాలుగుసార్లు గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. కొన్నిటికి పొట్ట మీద నెమ్మదిగా ఒత్తి మూత్రం తీయాలి, అది వైద్యుడు చేయించి నేర్పితే తప్ప చేయకూడదు, తిత్తి పగిలిపోతుంది. ఊడుపుల్లో తెల్లవారి వెళ్లి పొద్దుగూకి వచ్చే మీకు, బడికి వెళ్లే పాపకు అది సాధ్యం కాదు. అలాంటప్పుడు ఊడుపులు అయ్యేదాకా గుణుపూర్‌లోనే ఉంచి, దాన్ని ఎలా చూసుకోవాలో వాళ్లకు నేర్పించండి. భారం అనిపించి వదిలేయాలనుకున్నవాళ్లు పని తెలిశాక మనసు మార్చుకోవచ్చు. కాళ్లలో స్పర్శే లేక, పుండ్లు మానక, మేత మానేసి బాధపడుతున్నదైతే వైద్యుడి చేత నొప్పి లేకుండా సాగనంపడమూ దయే. ఆ మాట పాపకు మీరే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి.

తెచ్చుకుంటే పాత వైరు మెష్ బోను మాత్రం వాడకండి. కాళ్లు ఈడ్చేదానికి ఆ మెష్ మీద త్వరగానే పుండ్లు పడతాయి. నేల మీద వరిగడ్డి మందంగా వేసి, పైన పాత నూలు చీర మడత పరవండి, తడిసినప్పుడల్లా మార్చండి. నీళ్లు సీసాలో కాకుండా బరువైన మట్టి మూకుట్లో పెట్టండి, మెడ వాలినదానికీ అదే సులువు. నెల రోజులు రెంటినీ వేరే గదుల్లో ఉంచి, కొత్తదాని మూకుళ్లను మరిగే నీళ్లతో కడగాలి. మగది, ఆడది అంటున్నారు కనుక తర్వాత కూడా వెంటనే కలపొద్దు. కాళ్లు పడిపోయినా కొన్ని జతకట్టగలవు. 31 రోజుల్లో ఆడది ఈనుతుంది, మెడ నిలవని తల్లికి అది ప్రాణం మీదికి వస్తుంది. మగదానికి వృషణాలు తీయించినా మరో ఆరు వారాలు ఆగాలి. కుందేలుకు తోడు మంచిదే, కానీ ఈ రెండూ ఒకదాన్నొకటి కరిస్తే పారిపోలేవు. మీరు ఎదురుగా కూర్చుని రోజూ కాసేపు కలిపి చూడండి.

మేతలో ముప్పాతిక భాగానికి పైగా గడ్డే ఉండాలి. గరిక, ఎండబెట్టిన పచ్చిక, గుప్పెడు దశరథ గడ్డి, ముల్లంగి ఆకు సరిపోతాయి. తవుడు, అన్నం తగ్గించండి. పన్నెండు గంటలు మేత ముట్టకపోతే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మర్నాటిదాకా ఆగొద్దు. మందుల షాపులో అమాక్సిసిలిన్ సిరప్ ఇస్తే నోట్లో పోయకండి, కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి అది కూడా పోతుంది. కుక్క గోమార్లకు వాడే ఫిప్రోనిల్ దీనికి విషం. పర్లాకిమిడి పశువుల ఆసుపత్రిలో పని జరగకపోతే విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి.

తెచ్చేరోజు పొద్దున్నే బయల్దేరండి. కుందేలుకు చెమట పట్టదు, 35 డిగ్రీలు దాటితే వడదెబ్బతో పోతుంది. రైల్లో వెదురుబుట్టలో గడ్డి వేసి పెట్టి, బుట్ట మీద తడిగుడ్డ కప్పండి, లోపల దోసకాయ ముక్క ఉంచండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుము కింద. ఇప్పుడు అది పడుకుంటున్న గుడ్డను ఉతక్కుండానే బుట్టలో వేసి తెండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఆ వాసన ఉంటే బెదరకుండా మేత ముట్టొచ్చు.