పెరటి పక్కన ఉన్న రెడ్ గమ్‌ను కొట్టించవచ్చా?

మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలో, ముఖ్యంగా సౌత్ మొరాంగ్, మెర్ండా వైపు కొత్త కాలనీల్లో ఇల్లు తీసుకున్న మనవాళ్ళు తరచుగా అడిగే సందేహం ఇది: కంచెకు అవతల నిలబడి ఉన్న ఆ మహావృక్షం కొమ్మ విరిగి ఇంటిమీద పడుతుందేమో, ముందే కొట్టించెయ్యవచ్చునా?

అది రివర్ రెడ్ గమ్. శాస్త్రీయ నామం యూకలిప్టస్ కమల్డ్యులెన్సిస్. మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం పెంచే జామాయిల్ తోటలలో దీని రక్తసంబంధీకులు ఉన్నారు. అయితే నాలుగైదేళ్ళకే నరికివేసే ఆ సన్నని నిటారు చెట్లను చూసి ఇక్కడి చెట్టును అంచనా వేయకూడదు. తన స్వదేశమైన ఆస్ట్రేలియాలో ఇది నదీతీరపు చెట్టు. ముర్రే నది వరదనీరు నిలిచి తీసిన నేలలో దీని మొలకలు బాగా నిలదొక్కుకుంటాయి. వందల ఏళ్ళు బతుకుతుంది. ఆ నది ఒడ్డున ఉన్న బార్మా-మిల్లేవా ప్రపంచంలోనే అతి పెద్ద రెడ్ గమ్ అడవి. దీని కలప ఎర్రగా, బరువుగా, చెదకు లొంగకుండా ఉంటుంది కనుక ఒకప్పుడు రైలు పట్టాల కింద దుంగలకు విపరీతంగా నరికారు. ముసలి చెట్ల తొర్రల్లో చిలుకలు, గుడ్లగూబలు, పోసమ్‌లు (చెట్లెక్కే చిన్న సంచిజంతువులు) కాపురం ఉంటాయి. అటువంటి తొర్ర ఏర్పడటానికి వంద ఏళ్ళకు పైగా పట్టవచ్చు కాబట్టి, ఒక చెట్టును కొట్టి పది మొక్కలు నాటినా ఆ లోటు మన జీవితకాలంలో తీరదు. మొదలుపై బెరడు లేని పొడవాటి కోలమచ్చ కనిపిస్తే, అది ఆదివాసులు పడవకోసమో పాత్రకోసమో బెరడు ఒలిచిన గుర్తు కావచ్చు. అటువంటి చెట్లకు చట్టరక్షణ ఉంది.

కొమ్మల భయం నిరాధారం కాదు. గాలి ఆడని ఎండాకాలపు మధ్యాహ్నం కూడా పెద్ద కొమ్మ హఠాత్తుగా విరిగిపడవచ్చు, కనుక చెట్టు కింద కారు నిలపకండి, పిల్లలకు ఉయ్యాల కట్టకండి, నదీతీరాన విహారానికి వెళ్ళినప్పుడు డేరా వేయకండి. అయితే చాలా చెట్లు కుంగిపోవడానికి కారణం వేళ్ళ మీద మనం చేసే పనులే. కొమ్మలు పరచుకున్నంత మేరా మట్టి పోసి ఎత్తు చేయడం, కాంక్రీటు వేయడం, పైపుల కోసం తవ్వడం మానుకోవాలి.

సందేహం తీరకపోతే అర్హత ఉన్న ఆర్బరిస్ట్‌ (చెట్ల నిపుణుడి) చేత పరీక్ష చేయించి, లిఖితపూర్వక నివేదిక తీసుకోండి. పెద్ద కొమ్మలు కత్తిరించాలన్నా, చెట్టు తీయాలన్నా ముందుగా కౌన్సిల్‌ను (మీ ప్రాంతపు పురపాలక సంస్థను) అడగండి; అనుమతి అవసరమైన చోట అది లేకుండా కొడితే జరిమానా పడవచ్చు. ఇంకా ఇల్లు కొననివారు సంతకం చేసేముందే అమ్మేవారు ఇచ్చే సెక్షన్ 32 పత్రంలో (ఆస్తి వివరాల ప్రకటనలో) ఆ స్థలానికి వృక్షరక్షణ నిబంధనలు వర్తిస్తాయేమో న్యాయవాది చేత చూపించుకోవడం మంచిది.