కొన్నదొకరు, తిట్లు తినేదొకరు

ఫుట్‌బాల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖపట్నం ఉత్తరాలే ఎక్కువ. అందులోనూ ముప్పాతిక వంతు మాంచెస్టర్ యునైటెడ్ మీదే. తిట్లు తీసేసి ప్రశ్నలు మాత్రం ఉంచాం.

ప్రశ్న: యునైటెడ్ కోచ్ అమోరిమ్‌ని 2026 జనవరిలో పంపేశారు. ముగ్గురు డిఫెండర్ల పిచ్చే కొంప ముంచిందని మా గ్యాంగులో సగం మంది వాదన. ఈ ఆటగాళ్లతో ఏ ఫార్మేషన్ ఆడినా అంతేనని మిగతా సగం. పందెం బిర్యానీ దాకా వెళ్లింది. ఎవరిది రైటు?
– ఒక డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: బిల్లు చెరిసగం వేసుకోండి. 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) చెడ్డ ఫార్మేషనేం కాదు. దాంతోనే ఆయన స్పోర్టింగ్ లిస్బన్‌కి 2021లో, 2024లో పోర్చుగల్ టైటిల్ తెచ్చిపెట్టాడు. గొడవంతా మైదానం నడిమధ్యలో. ఆ ఆటలో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లు ఇద్దరే. ఎదుటి జట్టు 4-3-3తో దిగితే అక్కడ వాళ్లకి ముగ్గురు. ఆ మూడోవాణ్ణి ఎవరు పట్టుకోవాలన్నదే మొత్తం కథ. స్ట్రైకర్ వెనకే ఆడే ఇద్దరు నంబర్ టెన్‌లలో ఒకడు వెనక్కి దిగితే దాడిలో ఒక మనిషి తగ్గుతాడు. పక్క సెంటర్ బ్యాక్ ముందుకొచ్చి పట్టుకుంటే అతని వెనక ఖాళీ పడుతుంది. పక్క గీత వెంట దాడికీ కాపలాకీ రెండింటికీ పరిగెత్తే వింగ్ బ్యాక్ అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటాడు కాబట్టి ఆ పక్కంతా తలుపు తెరిచిన ఇల్లే.

పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని, బంతిని వదిలేసి, పదిహేను నిమిషాలు కుడి వింగ్ బ్యాక్‌నొక్కణ్ణే చూడండి. బంతి చేజారినప్పుడు అతనెక్కడున్నాడు, డిఫెన్స్ లైన్‌లోకి తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఆలోగా అతని చోట ఎవరు నిలబడ్డారు? ఇవి గమనిస్తే గోల్ ఎందుకు పడిందో కామెంటేటర్ కంటే ముందే తెలిసిపోతుంది. ఆ పనికి పుట్టిన వింగ్ బ్యాక్‌లు జట్టులో లేరు. 2025 ఫిబ్రవరిలో ఇటలీ క్లబ్ లెచ్చే నుంచి డోర్గుని కొన్నారు. కుడివైపు వింగర్ అమాద్‌ని సర్దారు.

ఫలితం మీకు తెలిసిందే. 2024-25లో 42 పాయింట్లతో 15వ స్థానం, యూరోపా లీగ్ ఫైనల్లో టాటెన్‌హామ్ చేతిలో 0-1. 2025 ఆగస్టులో లీగ్ కప్‌లో నాలుగో డివిజన్ గ్రిమ్స్‌బీ చేతిలో పెనాల్టీల మీద 11-12. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా పట్టు సడలించకపోవడం అమోరిమ్ తప్పే.

కానీ అంతకంటే పెద్ద తప్పు 2024 వేసవిలోనే జరిగింది. జూలైలో అమోరిమ్‌కి ముందున్న మేనేజర్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు. అయాక్స్‌లో ఆయన దగ్గర ఆడిన డి లిఖ్ట్‌ని, మజ్రావీని తెచ్చారు. అక్టోబరు 28న ఆయన్నే సాగనంపారు. ఆ జూలైలోనే చేరిన స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్ డిసెంబరు కల్లా వెళ్లిపోయాడు. టెన్ హాగ్, ఆయన సిబ్బంది, ఆష్‌వర్త్ వదిలిపోయినందుకు అయిన ఖర్చే 1.45 కోట్ల పౌండ్లు. పెళ్లికొడుకు కొలతలకు బట్టలు కుట్టించి, ముహూర్తం వేళకు పెళ్లికొడుకునే మార్చేశారు. చొక్కా బిగుతైందని కొత్తవాణ్ణి తిట్టి ఏం లాభం?

ప్రశ్న: మేనేజర్, హెడ్ కోచ్: పేరులోనే తేడానా, పనిలో కూడానా?
– అక్కయ్యపాలెం

జవాబు: పనిలోనే. హెడ్ కోచ్ శిక్షణ ఇస్తాడు, జట్టును దింపుతాడు, సబ్‌లు మారుస్తాడు. ఎవర్ని కొనాలో అతన్ని అడుగుతారు, కానీ చివరి మాట డైరెక్టర్లది. పాతకాలపు మేనేజర్ చేతిలో కొనుగోళ్ల నుంచి అకాడమీ దాకా అన్నీ ఉండేవి. అమోరిమ్ పదవి పేరు హెడ్ కోచ్. జనవరి 4న లీడ్స్ మ్యాచ్ అయ్యాక, తాను మేనేజర్‌గా ఉండడానికి వచ్చానే తప్ప కోచ్‌గా కాదని అందరి ముందూ అనేశాడు. మర్నాడే ఇంటికి పంపేశారు.

ప్రశ్న: వింగర్ ఆంటొనీ లాంటివాణ్ణి అంత డబ్బు పోసి ఎలా కొన్నారు? పనికిరాడని తెలిశాక కూడా మూడేళ్లు ఎందుకు మోశారు? మా వీధిలో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు, ఎడమ కాలితో తప్ప ఆడడని.
– ఉక్కు ఉద్యోగి, గాజువాక

జవాబు: మీ వీధి పిల్లాడికి తెలిసింది ఇంగ్లండ్ లెఫ్ట్ బ్యాక్‌లందరికీ నెలలోనే తెలిసిపోయింది. కుడి వింగ్‌లో ఎడమ కాలి ఆటగాడు లోపలికి కోసుకొస్తాడు. ఎదుట ఉన్న బ్యాక్ నిలువునా నిలబడడు. లోపలి దారికి అడ్డంగా ఒళ్లు ఏటవాలుగా తిప్పి, గీత వైపు దారి వదిలేస్తాడు: ‘ఇటు పోరా, పోయి కుడికాలితో కొట్టు చూద్దాం’ అన్నట్టు. కుడికాలితో క్రాస్ వేయగలిగితే, లేదా గీత వెంట పరుగులో ఓడించగలిగితే ఆ ఎత్తు పారదు. ఆంటొనీకి రెండూ లేవు. వెనకనుంచి రైట్ బ్యాక్ దూసుకొచ్చి బయటి దారి వాడుకుంటే డిఫెండరుకి రెండు పనులు పడతాయి. అదీ తరచుగా జరగలేదు. లీగ్‌లో మొదటి సీజన్ 4 గోల్స్, రెండో సీజన్ 1. అదే మనిషి 2025 జనవరిలో లోన్ మీద స్పెయిన్‌లో బెటిస్‌కి వెళ్లి, ఆ జట్టు కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్ చేరడంలో ముందున్నాడు. కాబట్టి ‘పనికిరాడు’ అనకండి, ‘ఆ ధరకి, ఆ చోటుకి పనికిరాడు’ అనండి.

ఇక మూడేళ్లు ఎందుకు మోశారంటే, జవాబు మైదానంలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది. 2022లో 9.5 కోట్ల యూరోలకి కొన్నారు, కాంట్రాక్టు 5 ఏళ్లు. లెక్కల్లో ఆ ఖర్చును ఏడాదికి 1.9 కోట్ల చొప్పున ఐదు ముక్కలు చేస్తారు. రెండేళ్లు గడిచాక పుస్తకంలో అతని విలువ ఇంకా 5.7 కోట్లు. 2024లో ఆ ధర ఇచ్చేవాడు ఎవడు? అంతకు ఎంత తక్కువకి అమ్మితే అంతా ఆ ఏడాది నష్టం కిందే రాయాలి. మూడేళ్లు గడిచాక విలువ 3.8 కోట్లకి దిగింది. 2025లో బెటిస్‌కి దాదాపు 2.2 కోట్లకి ఇచ్చారు. బోనస్‌లు, ఏజెంట్ల ఫీజులు పక్కనపెడితే 1.6 కోట్ల నష్టం. ఏడాది ముందే ఆ ధరకి అమ్మి ఉంటే నష్టం రెట్టింపు దాటేది. 2025-26 దాకా ఉన్న ప్రీమియర్ లీగ్ నిబంధన ప్రకారం మూడేళ్లలో మొత్తం నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. అందుకే క్లబ్బులు చెల్లని సరుకును కూడా లోన్ల మీద తిప్పుతూ కాలం నెట్టుకొస్తాయి. చెల్సీ అయితే వింగర్ ముద్రిక్‌కి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు రాసి ముక్కల సంఖ్య పెంచేసింది. 2023 డిసెంబరులో లీగ్ ఆ కిటికీ మూసేసింది. ఇప్పుడు కాంట్రాక్టు ఎంత పొడుగుదైనా లెక్కకి ఐదేళ్లు దాటకూడదు.

ఈ లెక్కలో అసలు విషం ఏంటంటే, అకాడమీలో పెరిగిన కుర్రాడి పుస్తక విలువ సున్నా. అమ్మిందంతా లాభమే. మెక్‌టామినేని 2024లో నాపోలికి సుమారు 2.5 కోట్ల పౌండ్లకి, ఏడాది తర్వాత గర్నాచోని చెల్సీకి 4 కోట్లకి వదిలేసింది అందుకే. మెక్‌టామినే అక్కడికెళ్లి 12 లీగ్ గోల్స్ కొట్టి, ఇటలీ టైటిల్ గెలిచి, సీరీ-ఎ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇక్కడ చాలాసార్లు డిఫెన్స్ ముందు కాపలా కాయించారు. అక్కడ నాపోలి కోచ్ కోంటే అతన్ని పెనాల్టీ బాక్సులోకి తోలాడు, అంతే తేడా. ఇది మనకేం కొత్త కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కోచ్ ఎస్.ఎ. రహీం, డిఫెండరైన జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది.

ప్రశ్న: కొనుగోళ్లన్నీ ఆపేసి అకాడమీ కుర్రాళ్లనే ఆడిస్తే పోదా? కుర్ర మిడ్‌ఫీల్డర్ మైనూని బెంచి మీద కుళ్లబెట్టారు. 1995-96లో అప్పటి మేనేజర్ ఫెర్గూసన్ పిల్లలతోనే గెలిచాడు కదా!
– భీమిలి

జవాబు: మైనూ విషయంలో మీ కోపం న్యాయమే. 2024 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద గెలుపు గోల్ కొట్టినవాడు, అమోరిమ్ ఉన్నన్నాళ్లు 2025-26 లీగ్‌లో ఒక్కసారి కూడా మొదటి పదకొండులో లేడు. ఆ ఇద్దరు మిడ్‌ఫీల్డర్ల ఆటలో అతనికి పోటీ కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్‌తో పెట్టారు. గెలిచే పోటీ కాదది. అమోరిమ్ తర్వాత కారిక్ పగ్గాలు పట్టాక మళ్లీ ఆడించాడు.

1995-96 సంగతి మాత్రం సగమే చెప్పారు. బెకమ్, స్కోల్స్, నెవిల్ సోదరులు, బట్ ఉన్నమాట నిజం. కానీ గోల్‌లో ష్మైకెల్, ముందు బ్రూస్, పాలిస్టర్, ఇర్విన్, మధ్యలో కీన్. అక్టోబరులో నిషేధం ముగించుకుని కాంటొనా. కుర్రాడు తప్పు చేస్తే పక్కనున్న పెద్దవాడు కప్పిపుచ్చుతాడు. ఇద్దరు కుర్రాళ్లని ఒకే వైపు, బ్యాక్‌గా ఒకణ్ణి, వింగర్‌గా ఒకణ్ణి పెట్టారా, ఎదుటి కోచ్ బంతంతా అటే తోలిస్తాడు. అందుకే కుర్రాడి పక్కన, వెనక అనుభవమున్నవాళ్లు ఉండాలి. మొదట ఇరవై నిమిషాల సబ్‌గా, తర్వాత వరసగా మూడు నాలుగు మ్యాచ్‌లు మొదటినుంచి ఇవ్వాలి. ఒక మ్యాచ్ ఆడించి నాలుగు కూర్చోబెడితే భయమే నేర్చుకుంటాడు.

అన్నట్టు, 1937 అక్టోబరు నుంచి నేటిదాకా యునైటెడ్ ప్రతి మ్యాచ్ జట్టులోనూ అకాడమీ ఆటగాడు కనీసం ఒక్కడైనా ఉన్నాడు. ఆ వరస 2019 డిసెంబరులోనే 4,000 మ్యాచ్‌లు దాటింది. బెంచి మీద పేరున్నా లెక్కలోకే వస్తుందనుకోండి.

ప్రశ్న: ఫెర్గూసన్‌కి ఏడేళ్లు ఇచ్చారు. ఇప్పటివాళ్లకి ఏడు నెలలు కూడా ఇవ్వరు. ఈ తొందరే క్లబ్బుని పాడుచేసింది. ఒప్పుకుంటారా?
– రిటైర్డ్ పోర్టు ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: సగం ఒప్పుకుంటాం సార్. ఆయన 1986 నవంబరు 6న వచ్చేసరికి జట్టు 22లో 21వ స్థానం. ఆపైన వరసగా 11, 2, 11, 13. 1990లో ఎఫ్.ఎ. కప్, లీగ్ టైటిల్ 1993కి గానీ రాలేదు. కానీ ఆ ఓపికకి ఒక కారణం ఎవరూ చెప్పరు. 1985 నుంచి 1990 దాకా ఇంగ్లిష్ క్లబ్బుల మీద యూరప్ పోటీల్లో నిషేధం ఉంది. అంటే రెండో స్థానమైనా పదమూడోదైనా యూరప్ డబ్బు రాదు, పోదు. ఇప్పుడలా కాదు. చాంపియన్స్ లీగ్ టికెట్టు పోతే ఆ ఆదాయం పోవడమే కాక, 2025-26 నుంచి అడిడాస్ కూడా అలాంటి ప్రతి సీజన్‌కీ కోటి పౌండ్లు కోత పెడుతుంది. ఓపిక ధర పెరిగిపోయింది.

పైగా ఆ ఏళ్లలో ఫెర్గూసన్ చేతిలో చూపించడానికి పని ఉండేది. యువ ఆటగాళ్లని వెతికే వ్యవస్థని మొదటినుంచి మళ్లీ కట్టాడు. ఇంకా టైమివ్వమని అడిగే కోచ్ దగ్గర మీరూ అదే వెతకండి. ఆరు నెలల క్రితం తిన్నలాంటి గోల్సే ఇప్పుడూ తింటుంటే, అతనికిచ్చిన టైమ్ దండగ.

ప్రశ్న: స్ట్రైకర్ అవకాశాలు వృథా చేస్తున్నాడా, అసలు అవకాశాలే రావట్లేదా? తేల్చేదెలా?
– ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఎక్స్‌జీ అంకె చూడండి. ప్రతి షాట్‌కీ అది గోలయ్యే సంభావ్యతని 0కీ 1కీ మధ్య వేస్తారు. పెనాల్టీకి దాదాపు 0.78. ముందు పెనాల్టీలు తీసేయండి. పది మ్యాచ్‌ల్లో 2 గోల్స్, ఎక్స్‌జీ 5 అయితే అతను వృథా చేస్తున్నాడు. 2 గోల్స్, ఎక్స్‌జీ 2.1 అయితే అతనికి బంతే అందట్లేదు, మిడ్‌ఫీల్డ్‌ని అడగండి. యునైటెడ్ స్ట్రైకర్ హోయ్‌లండ్ 2024-25లో లీగ్‌లో 4 గోల్సే కొట్టాడని తిట్టినవాళ్లు, ఆటాడుతూ గంటసేపు అతనికి బాక్సులో బంతి తగలని మ్యాచ్‌లు కూడా గుర్తుచేసుకోవాలి. నాలుగైదు మ్యాచ్‌ల అంకెతో మాత్రం తీర్పు చెప్పకండి.

ప్రశ్న: మ్యాచ్ టైములు ఓసారి ఏడున్నర, ఓసారి ఎనిమిదిన్నర. ఎందుకిలా?
– పెందుర్తి

జవాబు: మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడు మనకి అప్పుడు రాత్రి 7:30, చలికాలంలో 8:30. ఆ మూడు గంటల మ్యాచ్‌ని బ్రిటన్ టీవీల్లో వేయకూడదు. మాంచెస్టర్ మనిషికి దక్కనిది పెందుర్తిలో మీకు దక్కుతోంది.

ప్రశ్న: మేం ఏడుగురం టర్ఫ్ మీద అమోరిమ్ లాగే ముగ్గురిని వెనక పెట్టి ఆడుతున్నాం. వరసగా ఓడిపోతున్నాం. రెండో హాఫ్‌కి కాళ్లు కదలవు.
– ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు

జవాబు: గోల్‌కీపర్ పోను మీరు ఆరుగురు. ముగ్గురు వెనకుంటే మధ్యలో ఇద్దరే మిగులుతారు, పైన చెప్పిన జబ్బే మీకూ పట్టుకుంది. పైగా టర్ఫ్ వెడల్పు తక్కువ, పక్కన వల, వింగ్ బ్యాక్ పరిగెత్తడానికి చోటేది? 2-3-1కి మారండి. వెనక ఇద్దరిలో ఒకడు ముందుకెళ్తే మధ్యలోవాడు ఆ చోటుకి దిగాలి, ఆ ఒప్పందం ఆటకి ముందే చేసుకోండి. మన విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఆటంతా ప్రెసింగ్ (బంతి కోసం ఎదుటివాళ్ల మీద పడడం) చేస్తే పడిపోతారు. బంతి పోయిన ఐదారు సెకన్లు మాత్రం మీద పడండి, దొరక్కపోతే మీ సగం మైదానంలోకి దిగిపోండి. ఇద్దరు అదనపు ఆటగాళ్లని తెచ్చుకుని ఏడెనిమిది నిమిషాలకోసారి మార్చండి. పావుగంటకోసారి ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు ఒక గ్లాసు తాగండి. ఎండాకాలం మధ్యాహ్నం స్లాట్ చవగ్గా వస్తోందని తీసుకోకండి, టర్ఫ్‌లోని నల్ల రబ్బరు గుళికలు పెనంలా కాలుతాయి. ఇనుప స్టడ్‌లు వద్దు, పొట్టి రబ్బరు ముల్లున్న టర్ఫ్ షూ చాలు.