వారానికి రెండు సాయంత్రాలు

అనంతపురంలో ఒక సహకార బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేస్తున్నాను. వయసు 45. ఎనిమిదేళ్లుగా జియుజిట్సు, అంటే నేల మీద పట్లు పట్టి ఆడే కుస్తీ లాంటి ఆట, సాధన చేస్తున్నాను. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఈ ఆట ఆడటం గురించి పోయిన నెల రాసిన నాలుగు మాటలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: అన్నా, నాకు 36 ఏళ్లు. కడపలో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఏడేళ్ల పాప, మూడేళ్ల బాబు. బెంగళూరులో నేర్చుకుని వచ్చిన స్నేహితుడొకడు ఇక్కడ ఆరేడు మందికి జియుజిట్సు నేర్పిస్తున్నాడు. ఐదు నెలలుగా వారానికి ఐదు రోజులు పోతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. నా భార్య మొదట్లో అరిచేది, ఇప్పుడు ఏమీ అనడం లేదు. పోయిన వారం మోచేయి బెణికింది. మానేయమంటారా? మానేస్తే నాకంటూ ఇంకేమీ మిగలదనిపిస్తోంది. (ఎస్., కడప)

జవాబు: ఆట మానేయొద్దు. ఐదు రోజులు పోవడం మాత్రం ఈ వారమే మానేయండి.

మీ ఉత్తరంలో మోచేయి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ భార్య అరవడం మానేసిందన్న మాట. ముందు దాని సంగతి చూద్దాం.

మొదటి ఏడాది నేనూ అట్లాగే తిరిగాను. ఏ రోజు పోతానో నాకే తెలిసేది కాదు. సాయంత్రం క్యాష్ తొందరగా ట్యాలీ అయితే చాలు, అటునుంచి అటే క్లాసుకు. ఒక రాత్రి ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం. బ్యాగులోంచి ఫోన్ తీసి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్. పాపకు జ్వరం 103 దాటితే, మా ఆవిడ పక్కింటామెను తోడు తీసుకుని ఆటోలో ఆసుపత్రికి పోయింది. నేను పోయేసరికి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పాప ఒళ్లో పడుకుని ఉంది, నుదుటి మీద తడిగుడ్డ. నేను చెమట బట్టలతోనే పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఒక్క మాట అంది: “నువ్వు ఆడేదానికి నాకేం బాధ లేదు. యా దినం ఉంటావో, యా దినం ఉండవో తెలియక దినమూ ఎదురుచూస్తా ఉండా.”

అప్పటిదాకా ఆమెకు నా ఒంటి మీద కమిలిన మచ్చలంటే కోపం అనుకున్నాను. ఆమె బాధ ఎదురుచూపు. తెల్లారి వంటింట్లో వేలాడే క్యాలెండర్ తీసి మంగళవారాలు, శుక్రవారాలు ఎర్ర పెన్నుతో చుట్టాను. ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు క్లాసు, తొమ్మిదికి ఇంట్లో. మిగతా రోజుల్లో ఎవరు పిలిచినా పోను. ఫోన్ బ్యాగులో ఉండదు, మ్యాట్ అంచున పెద్ద సౌండుతో ఉంటుంది. మోగితే ఎవరి కింద ఉన్నా ఆట ఆపి లేస్తాను. మా కోచ్‌కు ఈ సంగతి ముందే చెప్పాను, ఆయన ఏనాడూ తప్పు పట్టలేదు.

ఆమె కూడా బుధవారం, శనివారం చుట్టింది, నీలం పెన్నుతో. పెళ్లికి ముందు ఆపేసిన సంగీతం మళ్లీ మొదలుపెట్టింది. ఆ రెండు సాయంత్రాలు వంట, పిల్లల హోంవర్కు నావి. మొదట్లో సంగటి ఉండలు కట్టేది, ఇప్పుడు బాగానే కుదురుతోంది. ఎస్. గారూ, మీ ఇంట్లో ఈ రెండో భాగం మర్చిపోవద్దు. ఆమెకూ అలాంటి సాయంత్రం ఒకటి లేకపోతే, మీరు రెండు రోజులే పోయినా అది ఆమెకు భారంగానే ఉంటుంది.

రెండు రోజులతో ఏం వస్తుందని అడుగుతారేమో. వస్తుంది, నిదానంగా. ఈ ఆటలో పెద్దవాళ్లకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అని ఐదు బెల్టులు. నలుపు దాకా చేరడానికి చాలామందికి పదేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. నాకు నీలం బెల్టు రావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. ఇంత పొడుగు దారిలో ఐదు రోజుల ఊపుతో పరిగెత్తినవాళ్లు ఏడాదిలోపే కనిపించకుండా పోవడం చూశాను. మార్చి నెలాఖరులో బ్యాంకు క్లోజింగ్ ఉంటుంది కాబట్టి ఆ నెల నేను వారానికి ఒక్కరోజే పోతాను. మీకు పరీక్షల సీజన్ ఉంటుంది, అప్పుడు మీరూ అట్లాగే చేయండి. పోలేని రోజు ఇంట్లో చాప వేసుకుని, వెల్లకిలా పడుకుని నడుము పక్కకు జరిపే కసరత్తు పది నిమిషాలు చేస్తే చాలు. మా వాళ్లు దాన్ని ష్రింప్ అంటారు. మీ బాబు పక్కనే పడుకుని మీతో పాటు పాకుతాడు చూడండి.

ఇక మోచేయి. అది ఆర్మ్‌బార్ అనే చేయి విరిచే పట్టులో బెణికిందని నా అనుమానం, ఎందుకంటే నాదీ అందులోనే పోయింది. అవతలివాడి కాళ్లు మన ఛాతీ మీద, ముఖం మీద అడ్డంగా ఉంటాయి. మన చేయి వాడి తొడల మధ్య, మన మణికట్టు వాడి గుండెకు అదిమి. వాడు నడుము కొద్దిగా పైకి లేపితే చాలు, బరువంతా మోచేతి మీదికి వస్తుంది. మొదట వచ్చేది నొప్పి కాదు, బిగుతు. ట్యాప్ చేయాల్సింది, అంటే ఓటమి ఒప్పుకుని అవతలివాణ్ణి తట్టాల్సింది, ఆ బిగుతు దగ్గరే. నేను చేయలేదు. అవతల ఉన్నది 22 ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడు, వాడి ముందు ఓటమి ఒప్పుకోవాలని నాకు అనిపించలేదు. లోపల టక్కుమంది. మర్నాడు కౌంటర్లో నోట్ల కట్ట ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లెక్కపెట్టబోతే ఎడమచేయి చాచడానికి రాలేదు. ఆరు వారాలు కట్టలన్నీ బల్ల మీద పెట్టి, మోచేత్తో అదిమి లెక్కపెట్టాను. ఆ వరుసలో నిలబడ్డ పింఛను ముసలమ్మలకు నా పంతంతో ఏం పని?

ఒప్పుకోవడం ఎందుకంత కష్టమైందని తర్వాత చాలా ఆలోచించాను. మా తాత తాలీంఖానాలో కుస్తీ పట్టినవాడు. కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓడినట్టే. ఆ మాట వింటూ పెరిగినవాళ్లం కదా. జియుజిట్సులో వీపు నేల మీద ఉండగానే సగం ఆట. కింద పడుకుని, కాళ్లతో అవతలివాణ్ణి అడ్డుకుంటూ ఆడటాన్ని గార్డ్ అంటారు. పట్టు బిగిసినప్పుడు అవతలివాడి ఒంటి మీద రెండు మూడుసార్లు తట్టాలి, చేతులు ఇరుక్కుంటే నోటితో “ట్యాప్” అనాలి. తట్టిన వెంటనే వాడు వదిలేస్తాడు, మళ్లీ చేతులు కలిపి మొదలుపెడతారు. మడమ తిప్పే పట్లలో ఇంకా జాగ్రత్త. అక్కడ నొప్పి తెలిసేలోపే మోకాలి లోపల ఎముకల్ని కలిపే కట్టు (లిగమెంట్) తెగిపోవచ్చు. కొత్తవాళ్లు ఆ పట్లు వేయవద్దు, తమకు వేయనీయవద్దు.

మీ చేయి పూర్తిగా చాచడానికి రాకపోయినా, వాపు ఉన్నా, ముందు ఎముకల డాక్టరు దగ్గరికి పోయి ఎక్స్‌రే తీయించుకోండి. ఆకుకట్టు సంగతి తర్వాత. నయమయ్యాక రెండు రోజులతో మళ్లీ మొదలుపెట్టండి, కానీ క్యాలెండర్ ఈరోజే చుట్టండి. ఆ పెన్ను ముందు మీ భార్య చేతికివ్వండి.

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, అనంతపురంలో నర్సుని. రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా రావాలంటే భయం. ఇది నేర్చుకోవాలని ఉంది. “మగవాళ్లతో కుస్తీ ఏందమ్మా” అంటోంది మా అత్తగారు. (పేరు రాయవద్దన్న సోదరి)

జవాబు: అమ్మా, మీ అత్తగారిది తప్పుడు మాట కాదు. ఆవిడ చూడని దాని గురించి భయపడుతోంది, అంతే. ఒకరోజు ఆవిడనే తీసుకుని క్లాసుకు పోండి. మా దగ్గరికి ఒకామె తన అత్తగారిని అట్లాగే తెచ్చింది. ఆ పెద్దావిడ గోడవారగా కుర్చీలో గంటన్నర కూర్చుని, పోయేటప్పుడు కోచ్‌తో “పిల్లకు ఇంకా గట్టిగా నేర్పించు నాయనా” అని చెప్పి పోయింది.

మీరు ఎవరితో ఆడాలో మీ ఇష్టం. ఎవరికైనా, ఏ కారణమూ చెప్పకుండా “వద్దు” అనొచ్చు. ఆ మాటకు ముఖం మాడ్చుకునే కోచ్ ఉంటే ఆ క్లాసు మీకు తగదు. చేరేముందే అడగండి: ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, బట్టలు మార్చుకునే గది వేరుగా ఉందా? లోపల పొడుగు చేతుల బిగుతు బనియన్, లెగ్గింగ్స్, పైన గి అనే మందపాటి కోటు, ప్యాంటు వేసుకుంటారు. ఒళ్లంతా కప్పి ఉంటుంది.

చిన్న ఒంటివాళ్లకు ఈ ఆట పనికొస్తుందా అంటే, దాని పుట్టుకే అట్లాంటిది. 1882లో టోక్యోలో జిగోరో కానో జూడో బడి పెట్టాడు. అక్కడ నేర్చుకున్న మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడికి నేర్పాడు. కార్లోస్ తమ్ముడు హీలియో సన్నగా ఉండేవాడు. బలంతో లేపి విసరడం కన్నా నేల మీద ఒడుపుతో పట్టడం మీద ఆ ఇల్లంతా పనిచేసింది, ఈ జియుజిట్సు అట్లా పుట్టింది. ఇప్పుడిది 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కూడా ఆడిన ఆట. మన ఊరికి పట్లు కొత్త కూడా కాదు, ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామంలో పిల్లలకు జూడో నేర్పుతున్నారు. మీకు కుదిరే వేళకు జియుజిట్సు దొరక్కపోతే జూడోతో మొదలుపెట్టినా ఆ శ్రమ వృథా పోదు.

ఒకటి నిజంగా చెప్పాలి. నెల రోజుల క్లాసు మిమ్మల్ని ఎవరి నుంచీ కాపాడదు. ఏడాది తర్వాత వచ్చే మార్పు ఏమిటంటే, మీ కన్నా బరువైన మనిషి మీద పడినా ఊపిరి ఆగదు. మోచేతులు లోపలికి పెట్టి, నడుము జరిపి, లేవడానికి సందు వెతుకుతారు. లేచాక పరిగెత్తండి. అప్పటిదాకా డ్యూటీ దిగాక తోడు లేకుండా రావద్దు. ఇంకోటి, రాత్రి డ్యూటీ చేసిన రోజు నిద్రపోకుండా క్లాసుకు పోవద్దు. దెబ్బలు తగిలేది అప్పుడే.

ప్రశ్న: మెడ మీద గుండ్రంగా మచ్చ లేచి దురద పెడుతోంది. క్లాసు వల్లనేనా? (ఆర్., అనంతపురం)

జవాబు: తామర కావచ్చు. ఒంటికి ఒళ్లు రుద్దుకునే ఆటలో తొందరగా అంటుకుంటుంది. చర్మం డాక్టరుకు చూపించి, ఆయన సరేననేదాకా మ్యాట్ ఎక్కకండి, ఎవరు ఏమనుకున్నా సరే. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాయవద్దు. నాలుగు రోజులు తగ్గినట్టు ఉండి, తర్వాత మొండిగా పాకుతుంది. క్లాసు అయిన రాత్రే స్నానం, ఆ రాత్రే గి ఉతకడం. తడి గి బ్యాగులో తెల్లారేదాకా ఉండకూడదు. మిద్దె మీద ఆరేస్తే మన ఎండకు మధ్యాహ్నానికే గలగలమంటుంది. మీ తువ్వాలు ఇంట్లో పిల్లలు వాడకుండా చూడండి.

ప్రశ్న: నాకు 52, షుగర్ ఉంది. కర్నూలులో కిరాణా అంగడి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: మొదలుపెట్టొచ్చు, మీ డాక్టరు ఒప్పుకుంటే. పెద్ద పోటీల్లో 30 దాటినవాళ్లకు మాస్టర్స్ అని వేరే విభాగాలున్నాయి, మీ వయసువాళ్లు మీ వయసువాళ్లతోనే ఆడతారు. మెడ, కళ్లు, గుండె, అరికాళ్లు చూపించుకున్నాకే చేరండి. ఇన్సులిన్ వాడుతుంటే ఆడేటప్పుడు చక్కెర పడిపోవచ్చు. జేబులో కాదు, కోచ్ చేతిలో గ్లూకోజ్ పొట్లం పెట్టి విషయం చెప్పండి. ఆడాక ప్రతిసారీ పాదాలు, వేళ్ల సందులు లైటు కింద చూసుకోండి. మొదటి రెండు నెలలు స్పారింగ్, అంటే ఇద్దరూ పోటీగా తలపడటం, వద్దు, పడటం, పొర్లడం, లేవడం చాలు. 80 కిలోల కుర్రాడు “రా అన్నా ఒక్క రౌండ్” అన్నా వద్దని చెప్పండి. అంగడి ఏ రోజు తొందరగా మూస్తారో చూసుకుని ఆ రోజు పెట్టుకోండి. పోయేముందు గోళ్లు కత్తిరించుకోవడం మరవకండి, కాళ్లవి కూడా.