కాంపోజిట్ క్రూ: వేర్వేరు యూనియన్ల మనుషుల్ని ఒకే పనిలో ఎలా కలపాలి

మీరు అడిగింది ఇది: అమెరికాలో ఒక ప్లాంటు విస్తరణ పనిలో మెకానికల్ కాంట్రాక్టర్ తరఫున ఫీల్డ్ ఇంజనీరుగా ఉన్నారు. పని ప్రాజెక్ట్ లేబర్ అగ్రిమెంట్ (ఆ ప్రాజెక్టు కోసం యూనియన్లన్నిటితో కలిపి చేసుకున్న ఒప్పందం) కింద నడుస్తోంది. పంపు స్కిడ్లు (పంపు, మోటారు ఒకే ఉక్కు చట్రం మీద బిగించి వచ్చేవి) పునాదుల మీద కూర్చోబెట్టాలి. పైపు, కండ్యూట్, డక్టు మూడూ కలిసి వచ్చే ప్రీఫ్యాబ్ ర్యాకులు పైకెత్తాలి. అన్ని ట్రేడుల (ఒక్కోదానికి సొంత యూనియన్ ఉన్న వృత్తుల) వాళ్లనీ ఒక్క క్రూగా పెట్టేయవచ్చా, ఏ ట్రేడు నుంచి ఎంతమంది, ఎవరు నడిపించాలి?

పెట్టవచ్చండి. ఇలాంటి పనులకు అదే మంచి పద్ధతి కూడా. అయితే ఇలా ట్రేడులు కలిసిన కాంపోజిట్ క్రూ ఒక పని ముక్క కోసమే పుడుతుంది, ఆ ముక్కతోనే ముగుస్తుంది. ఆ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ ట్రేడు నుంచి ఎంతమంది అన్న మూడు సంగతులూ మనుషులు గేటు దాటకముందే కాగితం మీద ఉండాలి. నేను చూసినంతలో తగాదాలు ఎక్కువగా రెండోదాని దగ్గరే పుడతాయి. ఎక్కడ మొదలో అందరూ రాస్తారు, ఎక్కడ ఆఖరో రాయరు. స్కిడ్ బోల్టుల మీద దిగాక కూడా క్రూ అంతా దాని చుట్టూనే ఉంటారు, ఎవరో ఒకరు షిమ్ (లెవెల్ కోసం కింద పెట్టే పలుచని రేకు) అందిస్తారు, పక్క ట్రేడు స్టూవర్డ్ (సైటులో యూనియన్ ప్రతినిధి) ఫోన్ తీస్తాడు.

ముందు చదవాల్సిన కాగితాలు రెండు రకాలు. ఒకటి మీ ప్రాజెక్ట్ అగ్రిమెంట్, రెండోది అందులో సంతకం చేసిన ప్రతి లోకల్ (యూనియన్ స్థానిక శాఖ) తాలూకు సొంత ఒప్పందం. ప్రాజెక్ట్ అగ్రిమెంట్‌లో లేని విషయం సాధారణంగా లోకల్ ఒప్పందానికే పోతుంది. కాంపోజిట్ క్రూ గురించి క్లాజు ఉంటే దాని పదాలు నిదానంగా చూడండి. "పరస్పర అంగీకారంతో వాడవచ్చు" అని ఉంటే మీకు ఇంకా అనుమతి రానట్టే. ఏ యూనియన్ల పని ఆ ముక్కలో ఉందో ఆ యూనియన్ల బిజినెస్ మేనేజర్లందరి (లోకల్ అధిపతుల) సంతకాలతో ఒక చిన్న మెమో కావాలి. ఆ మెమోలో "ఈ సైటుకు, ఈ పనికి మాత్రమే, మరో చోట ఉదాహరణగా చూపకూడదు" అన్న వాక్యం తప్పకుండా పెట్టండి. అది లేకపోతే సంతకం పెట్టడానికి ఏ యూనియనూ ముందుకు రాదు, వాళ్ల భయం న్యాయమైనదే. ఇక్కడ వదులుకున్నది రేపు ఇంకో ప్రాజెక్టులో తమ మీదే సాక్ష్యంగా వస్తుంది.

పని ఎవరిదో నిర్ణయించి అప్పగించాల్సిన బాధ్యత ఆ పని చేసే కాంట్రాక్టర్‌దే. "మీరూ మీరూ తేల్చుకోండి" అని వదిలేయడం పెద్ద తప్పు. ప్రీజాబ్ మీటింగ్‌లో (పని మొదలవకముందు యూనియన్లతో పెట్టేది) పని ముక్కల్ని ఒక్కొక్కటిగా చదివి, ఏ ట్రేడుకు ఇవ్వాలనుకుంటున్నారో చెప్పండి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆధారాలు ఇవ్వడానికి ఒక తేదీ పెట్టండి. ఆ తేదీ దాటాక తుది అప్పగింతను రాతపూర్వకంగా అందరికీ ఒకేసారి పంపండి. నిర్ణయానికి వరుస ఉంది: ముందు ఆ పని కోరుతున్న ట్రేడుల అంతర్జాతీయ యూనియన్ల (లోకల్‌ల మాతృ సంస్థల) మధ్య ఉన్న ఒప్పందాలు, నమోదైన పాత తీర్పులు, అవి లేకపోతే పరిశ్రమలో, ఆ ప్రాంతంలో నడుస్తున్న ఆచారం, ఆ తరవాతే ఖర్చు, సామర్థ్యం, మీ కంపెనీ పాత పద్ధతి. చాలామంది ఇంజనీర్లు చివరిదాంతో మొదలుపెడతారు. "ఈ పద్ధతి చౌక" అన్న వాదన బల్ల మీద పెట్టగానే మిగతా మాటలు వినేవాళ్లు ఉండరు.

ఇక పంపు స్కిడ్. దీన్ని మొదటి నుంచి చివరి దాకా చేతులు మారే చోట్లుగా విడదీయండి. లారీ గేటు దగ్గరికి రావడం టీమ్‌స్టర్ల (లారీ డ్రైవర్ల యూనియన్) పని. క్రేన్ ఆపరేటింగ్ ఇంజనీర్లది. ఒప్పందం అడిగితే ఆయిలర్ (క్రేన్ ఆపరేటర్ సహాయకుడు) కూడా. పునాది పైపొర చెక్కి శుభ్రం చేయడం సాధారణంగా లేబరర్లకు పోతుంది. లారీ మీద స్లింగ్ తగిలించిన క్షణం నుంచి స్కిడ్ యాంకర్ బోల్టుల మీద దిగి, నట్లు చేత్తో బిగించి, స్లింగ్ విప్పేదాకా కాంపోజిట్ క్రూ. మీ మెమోలో ఈ వాక్యాన్నే ఇంత స్పష్టంగా రాయండి. "స్లింగ్ విప్పడం" లాంటి కంటికి కనిపించే ఘట్టం దగ్గర గీత గీస్తే అర్థాల తగువు రాదు. "ఇన్‌స్టలేషన్ పూర్తయ్యేవరకు" అని రాశారా, అది ఎప్పుడు పూర్తయిందో తేల్చడానికి మళ్లీ ఒక మీటింగ్ పెట్టుకోవాలి.

ఆ తరవాత లెవెల్ చేయడం, సాఫ్ట్ ఫుట్ (ఒక పాదం సరిగా ఆనకపోవడం) సరిచేయడం, అలైన్‌మెంట్ మిల్‌రైట్లవి (యంత్రాలు అమర్చే ట్రేడు). గ్రౌట్ (స్కిడ్ కింద నింపే మిశ్రమం) ఎవరిదన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ప్రీజాబ్‌లోనే తేల్చండి, సైటు మీద వదిలేయొద్దు. పైపు కలపడం పైప్‌ఫిట్టర్లది, మోటారు కనెక్షన్ ఎలక్ట్రీషియన్లది. ఇక్కడ రెండు చోట్ల రెండు ట్రేడులు ఒకే సమయంలో అక్కడ ఉండి తీరాలి. మొదటిది ఫ్లాంజి బిగింపు. పైప్‌ఫిట్టర్లు బోల్టులు బిగిస్తుండగా మిల్‌రైట్ కప్లింగ్ (మోటారు, పంపు షాఫ్టులు కలిసే చోటు) దగ్గర డయల్ ఇండికేటర్ పెట్టి చూడాలి. షాఫ్టు నిలువుగా గానీ అడ్డంగా గానీ 0.002 అంగుళం మించి కదిలితే పైపు లాగుతున్నట్టే. ఆ మనిషి అక్కడ లేకపోతే రెండు రోజుల తరవాత అలైన్‌మెంట్ తప్పిందని తెలుస్తుంది, అప్పుడు తప్పు ఎవరిదో తేల్చలేరు. రెండోది మోటారు తిరిగే దిశ చూడటం. కప్లింగ్ విప్పి ఉండగానే ఎలక్ట్రీషియన్ ఒక్క క్షణం కరెంటు ఇస్తాడు, మిల్‌రైట్ దిశ చూస్తాడు. లాకౌట్ తాళాలు ఇద్దరివీ ఉండాలి. ఈ రెండింటికీ కాంపోజిట్ క్రూ అక్కర్లేదు. షెడ్యూలులో ఇద్దరి పేర్లూ ఒకే గంటలో పడితే చాలు. ప్రతి ఉమ్మడి పనికీ క్రూ కట్టాలనుకోవడం వల్లే లెక్క పెరిగిపోతుంది.

మనుషుల సంఖ్యకు ఒక ఉదాహరణ: 18,000 పౌండ్ల స్కిడ్‌కి మిల్‌రైట్లు 2, పైప్‌ఫిట్టర్లు 2, ఐరన్‌వర్కర్లు 2, వీళ్లకు తోడు క్రేన్ ఆపరేటర్. పని నిజంగా నలుగురితో అయిపోయేదైతే, ఆరుగురిని పెట్టడం కంటే మూడో ట్రేడు దగ్గర ఆ పని మీద తన హక్కు వదులుకుంటున్నట్టు రాత తీసుకోవడం మేలు, ఇస్తే. సంఖ్యతో పాటు మెమోలో మరో మూడు ప్రశ్నలకు జవాబుండాలి. ఒకడు రాకపోతే? నా అభిప్రాయంలో ఆ షిఫ్టు వరకు పని ఆగకూడదు, మర్నాడు అదే ట్రేడు మనిషి రావాలి. ఓవర్‌టైమ్ పడితే? అదే నిష్పత్తిలో ఉంచాలి. తగ్గించేటప్పుడు? అన్ని ట్రేడుల నుంచీ సమానంగా తగ్గించాలి, ఒక ట్రేడును ముందు ఖాళీ చేయకూడదు. ఈ మూడూ రాయకపోతే రెండో వారానికే ఫిర్యాదు వస్తుంది.

అప్రెంటిస్‌ల లెక్కలో చాలామంది పొరబడతారు. ఇంతమంది జర్నీమన్‌లకు (పూర్తి శిక్షణ పొందినవాళ్లకు) ఇంతమంది అప్రెంటిస్‌లు అన్న నిష్పత్తి ట్రేడుకు చెందినది, క్రూకు కాదు. ఆరుగురు క్రూలో నలుగురు జర్నీమన్‌లు ఉన్నారు కదా అని ఇద్దరు పైప్‌ఫిట్టర్ అప్రెంటిస్‌లను పెడితే, వాళ్ల ట్రేడు జర్నీమన్ ఒక్కడూ అక్కడ లేనట్టే. ఐరన్‌వర్కర్ కింద పైప్‌ఫిట్టర్ అప్రెంటిస్ పని నేర్చుకున్నట్టు లెక్కకు రాదు. ఫెడరల్ డబ్బు పనిలో అయితే, నిష్పత్తికి మించిన అప్రెంటిస్‌కు ఆ పని పూర్తి జర్నీమన్ రేటు చెల్లించాలి.

యూనియన్ కార్డు ఉంది కదా అని రిగ్గింగ్ అర్హత ఉన్నట్టు అనుకోవద్దు. క్రేన్‌కు సైగలిచ్చే మనిషి అర్హతకు సంబంధించిన పత్రం సైటులో ఉండాలని ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) క్రేన్ నిబంధనలు చెబుతాయి. లోడు పడే పరిధిలో నిలబడి తగిలించేవాళ్లున్నప్పుడు రిగ్గింగ్ క్వాలిఫైడ్ రిగ్గర్ చేతుల్లోనే ఉండాలి. ఒక లిఫ్టుకు ఒక్కరే సైగలివ్వాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరైనా ఇవ్వవచ్చు. మిశ్రమ క్రూలో ఇది మరీ ముఖ్యం. ప్రతి ట్రేడు వాళ్లూ తమవాడు సైగలివ్వాలనే కోరుకుంటారు, కాబట్టి పేరు ఉదయం మీటింగ్‌లోనే చెప్పేయండి.

ర్యాకుల దగ్గర పని ఇంకా ముందే, కొనుగోలు ఆర్డరు దగ్గరే మొదలవుతుంది. షాపులో పైపు, కండ్యూట్, డక్టు ఎవరు బిగించారు, ఏ యూనియన్ లేబుల్‌తో వస్తుంది అన్నది ఒప్పందంలోని ఫ్యాబ్రికేషన్ క్లాజుతో సరిచూడండి. లేబుల్ లేని ర్యాకు సైటుకు వచ్చాక మార్గాలు తక్కువ, ఖరీదు ఎక్కువ. పైకెత్తే క్రూలో నిష్పత్తిని ర్యాకులో ఉన్న సామాను బట్టి పెట్టాలని ఒక వాదన ఉంది: నాలుగు పైపులు, ఆరు కండ్యూట్లు, ఒక డక్టు ఉంటే దాని ప్రకారం మనుషులు. కాగితం మీద బాగుంటుంది, కానీ ప్రతి ర్యాకుకూ లెక్క మారి ప్రతి ఉదయం బేరం మొదలవుతుంది. మూడు ట్రేడులకు సమానంగా ఇవ్వండి. ర్యాకు హ్యాంగర్ రాడ్ల మీద కూర్చుని, నట్లు బిగిసి, లెవెల్ చూసుకున్నాక కాంపోజిట్ ముగుస్తుంది. అక్కడి నుంచి ఎవరి జాయింట్లు వాళ్లవి. ఉమ్మడి హ్యాంగర్లకు స్లాబులో యాంకర్లు ఎవరు కొడతారు, గోడ దాటే రంధ్రాల్లో ఫైర్‌స్టాప్ ఎవరు నింపుతారు అన్నవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ, మొదటి రోజే రాయాల్సినవి అవే. ఎత్తేటప్పుడు ఎవరి సామాను దెబ్బతిన్నా దాన్ని బాగుచేసేది ఆ సామాను బిగించిన ట్రేడే, దెబ్బ తగిలించిన ట్రేడు కాదు.

ఫోర్‌మన్ ఎక్కువమంది ఉన్న ట్రేడు నుంచి గానీ, సంఖ్య సమానమైతే ఆ ముక్కలో ముఖ్యమైన పని ఎవరిదో ఆ ట్రేడు నుంచి గానీ ఉండటం సాధారణం. స్కిడ్‌కి మిల్‌రైట్ ఫోర్‌మన్, ర్యాకులకు పైప్‌ఫిట్టర్ ఫోర్‌మన్ అనుకోండి. మిగతా ట్రేడులకు క్రమశిక్షణ, సెలవు, తొలగింపు వాళ్ల సొంత ఫోర్‌మన్ ద్వారానే జరగాలి. కాంపోజిట్ ఫోర్‌మన్ చెప్పేది పని వరుస మాత్రమే. మీరు ఇంజనీరు కాబట్టి మీ మాట ఫోర్‌మన్‌తోనే ఉండాలి. నేరుగా మనిషికి "ఆ బోల్టు పట్టుకో" అన్నా అది కొత్త అప్పగింతగా పేరు పడుతుంది. పనిముట్టు మీరు చేత్తో తాకనే వద్దు.

మనుషుల్ని పిలిచేటప్పుడు యూనియన్ హాళ్లన్నిటికీ (మనుషుల్ని పనికి పంపే లోకల్ ఆఫీసులు) ఒకే రోజు కాల్ పెట్టండి. చాలా ఒప్పందాల్లో హాలుకు 48 గంటల గడువు ఉంటుంది, శని ఆదివారాలు అందులో లెక్కకు రావు. ఒక హాలు నుంచి మనుషులు ముందొచ్చి మిగతావాళ్లు రాకపోతే, వచ్చినవాళ్లను ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఇవ్వాలి, లేదా వాళ్లొక్కరితోనే పని మొదలుపెట్టి తగాదా తెచ్చుకోవాలి. పని గంటలూ ముందే సరిపోల్చండి. ఒక లోకల్‌లో రోజుకు 10 గంటల చొప్పున 4 రోజులు, ఇంకో లోకల్‌లో 8 గంటల చొప్పున 5 రోజులు అయితే, తొమ్మిదో గంటకు క్రూలో సగం మంది ఓవర్‌టైమ్‌లో ఉంటారు, శుక్రవారం క్రూయే ఉండదు. ప్రాజెక్ట్ అగ్రిమెంట్ ఈ తేడాను సమం చేయకపోతే మెమోలో మీరే అడగాలి.

జీతం ఎవరి ట్రేడు రేటు వాళ్లకే, ఫ్రింజ్ డబ్బు (పెన్షన్, ఆరోగ్య బీమా లాంటి వాటికి కట్టేది) ఎవరి ఫండుకు వాళ్లకే. క్రూ మొత్తానికి సగటు రేటు అంటూ ఉండదు. టైమ్‌కార్డులో కాంపోజిట్ పనికి విడి కోడ్ పెట్టి, గంటలు రోజూ సాయంత్రమే ఫోర్‌మన్ చేత రాయించండి. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం 2,000 డాలర్లు దాటిన ఫెడరల్ నిర్మాణ కాంట్రాక్టులకు వర్తిస్తుంది. దాని కింద పేరోల్ లెక్కల పత్రం వారం వారం ఇవ్వాలి, ప్రతి మనిషి ఏ వర్గీకరణలో ఎన్ని గంటలు చేశాడో అందులో కనిపించాలి. ఒకే మనిషి రెండు వర్గాల పని చేసి, గంటల విభజన రికార్డులో లేకపోతే మొత్తం గంటలకు ఎక్కువ రేటే కట్టమంటారు.

ఇంత చేసినా తగాదా రావచ్చు. వస్తే అప్పగింత మార్చకండి. "ఈ ఒక్క రోజుకి" అని పక్క ట్రేడుకు ఇవ్వడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. అప్పటికి ఇద్దరి చేతుల్లోనూ మీ మాట ఉంటుంది. పని నడుస్తూ ఉండాలి. డ్రాయింగ్ నంబరు, తేదీ, అప్పగింత లేఖలోని ఆ వాక్యం, అక్కడ ఉన్న మనుషుల సంఖ్య ఒక పేజీలో రాసి ఇద్దరు బిజినెస్ ఏజెంట్లకూ అదే రోజు పంపండి. సైటులో తేలకపోతే అంతర్జాతీయ ప్రతినిధులకు పోతుంది. అందరూ జురిస్‌డిక్షన్ (పని ఏ ట్రేడుదన్న) తగాదాల పరిష్కార ప్లాన్‌కు కట్టుబడి ఉంటే ఆర్బిట్రేటర్ దగ్గర తేలుతుంది. ఎవరైనా పని ఆపుతామని బెదిరిస్తే జాతీయ లేబర్ చట్టం (ఎన్‌ఎల్‌ఆర్‌ఏ) 8(బి)(4)(డి) కింద జాతీయ లేబర్ బోర్డు (ఎన్‌ఎల్‌ఆర్‌బి) దగ్గర ఫిర్యాదు వేయవచ్చు. అప్పుడు 10(కె) ప్రకారం, తామే సర్దుకున్నామని చూపడానికి పార్టీలకు 10 రోజుల గడువు ఉంటుంది; ఆలోపు తేలకపోతే బోర్డు విచారణ చేస్తుంది. అందరూ కట్టుబడ్డ స్వచ్ఛంద పద్ధతి ముందే ఉంటే బోర్డు ఆ పని దానికే వదులుతుంది. కాబట్టి ఇప్పుడే చూడాల్సింది ఒకటుంది: మీ సబ్‌కాంట్రాక్టర్లతో సహా ప్రతి ఒక్కరూ ఆ ప్లాన్‌కు సంతకం చేశారా? ఒక్కరు బయట ఉన్నా ఆర్బిట్రేటర్ తీర్పు వాళ్లను కట్టడి చేయదు. ఆ సంతకం సబ్‌కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే తీసుకోండి.